నునుపు కండర కణం ఎంతవరకు ఎదిగిందో మార్కర్లతో తేల్చుకోవడం

ఆల్ఫా ఎస్‌ఎంఏ (ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్ అనే మార్కర్ ప్రోటీన్) స్టెయినింగ్‌లో వెలిగింది కదా అని నునుపు కండర కణమేనని రాసేయకండి. అది చాలా ముందే వస్తుంది, పైగా గాయం మానేచోట మయోఫైబ్రోబ్లాస్టుల్లోనూ (గాయాన్ని దగ్గరకు లాగే కణాలు) ఉంటుంది. ఎస్‌ఎం22 ఆల్ఫా, కాల్పోనిన్ అనే ప్రోటీన్లు కూడా చూడండి. పరిణతికి అసలు సాక్ష్యం ఎంవైహెచ్11 (నునుపు కండర మయోసిన్ ప్రోటీన్). కల్చర్‌లో పాసేజీలు (కణాలను కొత్త పాత్రలోకి మార్చే విడతలు) పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది కనుక తొలి పాసేజీలే వాడండి.

స్టెయినింగ్‌కు 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు (కణాలను స్థిరపరచడానికి), 0.1 శాతం ట్రైటాన్‌లో 10 నిమిషాలు (కణపొరకు రంధ్రాలు చేయడానికి), బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా) గంట, ప్రైమరీ యాంటీబాడీ (మార్కర్‌ను పట్టుకునేది) 4 డిగ్రీల్లో రాత్రంతా. కణం పొడవునా దారాల్లాంటి గీతలు కనిపించాలి. మబ్బులా పరుచుకుంటే అనుమానించండి. సెకండరీ (ప్రైమరీకి అంటుకుని మెరిసే యాంటీబాడీ) ఒక్కటే వేసిన స్లైడు తప్పనిసరి. ఆల్ఫా ఎస్‌ఎంఏను పట్టే 1ఏ4 క్లోన్ యాంటీబాడీ చిట్టెలుకలో తయారైంది, చిట్టెలుక కణజాలంపై మామూలు సెకండరీతో వాడితే అనవసరమైన మెరుపు వస్తుంది.

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం విడదీసి, పొరపైకి మార్చి గుర్తించే పద్ధతి) ఎంవైహెచ్11 200 కిలోడాల్టన్లు దాటుతుంది: 6 శాతం జెల్, చల్లగా రాత్రంతా ట్రాన్స్‌ఫర్. ఎస్‌ఎం22కు మాత్రం 12 శాతం జెల్ విడిగా పోయండి, లేకపోతే కిందినుంచి జారిపోతుంది.