మారికుప్పం నుంచి కోరమాండల్ దాకా: కేజీఎఫ్‌ను ఒక్క రోజులో చూసే పద్ధతి

కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) బంగారు గనులు చూడడానికి వచ్చేవాళ్లలో చాలామంది అక్కడి బజారు ఊరు రాబర్ట్‌సన్‌పేటలో బస్సు దిగుతారు. "గని ఎక్కడ?" అని అడిగి ఆటో ఎక్కుతారు. ఏదో ఒక సైనైడ్ దిబ్బ (బంగారం తీయగా మిగిలిన రాతిపిండి గుట్ట) ముందు ఫొటోలు దిగి, గంటలో తిరుగుముఖం పడతారు. "ఏముందక్కడ, మట్టిదిబ్బలు తప్ప" అనేది ఇలా చూసినవాళ్లే.

ముందే తెలుసుకోవాల్సిన సంగతి: గనిలోకి దిగే వీలు లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ తర్వాత నీళ్లు తోడే పంపులు ఆగిపోయి సొరంగాల్లోకి నీరు చేరింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాయి వేడి 65 డిగ్రీల దగ్గర ఉండేది, చల్లగాలి పంపకపోతే మనిషి నిలవలేని చోటు అది. ఇప్పుడు చూడగలిగిందంతా నేల మీదే ఉంది. ఏ వరుసలో చూడాలో తెలిస్తే ఒక రోజు చాలదనిపిస్తుంది.

ఆ వరుసను రైలు పట్టాలే చూపిస్తాయి. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా సుమారు 16 కిలోమీటర్ల శాఖా మార్గం 1890లలో గనుల కోసమే పడింది. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం అనే స్టేషన్లు ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా వస్తాయి. బంగారం ఉన్న పలుగురాయి పొర కూడా భూమిలో అదే దిశలో దాదాపు 8 కిలోమీటర్లు సాగింది. ఒక్కో స్టేషను ఒక్కో గని గుమ్మం అన్నమాట. అందుకే చివరి స్టేషను మారికుప్పంలో దిగి, ఉత్తరంగా వెనక్కి రావాలి. కథ కూడా మారికుప్పం దగ్గరే మొదలైంది.

చేరుకోవడం

బెంగళూరు నుంచి మారికుప్పానికి నేరుగా లోకల్ రైళ్లున్నాయి. రిజర్వేషన్ అక్కర్లేదు. రోజూ వేలమంది ఇక్కడి నుంచి బెంగళూరుకు పనికి వెళ్లి వస్తారు కాబట్టి పొద్దున బెంగళూరు వైపు, సాయంత్రం మారికుప్పం వైపు బోగీలు కిక్కిరిసి ఉంటాయి. మీరు వాళ్లకు ఎదురు దిక్కున ప్రయాణిస్తారు, సీటు దొరుకుతుంది. అయితే ఆ దిక్కున రైళ్లు తక్కువ. తిరుగు రైలు సమయం బయల్దేరేముందే చూసుకోండి. ఆదివారం వెళ్లేటట్లయితే ఆ బండి ఆ రోజు నడుస్తుందో లేదో కూడా చూడండి. రైల్వే యాప్‌లో "కేజీఎఫ్" అని కాకుండా "మారికుప్పం" అని వెతకాలి. బంగారుపేటకు స్టేషన్ కోడ్ బీడబ్ల్యూటీ. దాని పాత పేరు బౌరింగ్‌పేట, కోడ్ మాత్రం మారలేదు.

కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్లు గుడుపల్లి, బిసానత్తం, కామసముద్రం మీదుగా బంగారుపేట చేరి బండి మారాలి. చిత్తూరు, పలమనేరు నుంచి రోడ్డున వచ్చేవాళ్లకు వి.కోట దారి దగ్గర. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు బంగారుపేటలో ఆగే బెంగళూరు రైలు దొరికితే అక్కడే దిగడం మేలు. బెంగళూరు దాకా వెళ్లి వెనక్కి వస్తే సగం రోజు పోతుంది.

భాష గురించి బెంగ వద్దు. రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో తెలుగు ధారాళంగా నడుస్తుంది. గని లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరుసల్లో, తమిళం ఎక్కువ, ఆఫీసుల్లో కన్నడం.

వెంట ఉండాల్సినవి: మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఎన్95 మాస్కు, పట్టున్న బూట్లు, టోపీ, చిల్లర డబ్బులు. చెప్పులతో రావద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగడానికి బాగుంటుంది. ఊరు సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో దిబ్బల మీది తెల్లటి ఎండ కళ్లను పొడుస్తుంది, గాలికి దుమ్ము లేస్తుంది.

మారికుప్పం, ఛాంపియన్ రీఫ్

పొద్దున 8 లోపు మారికుప్పంలో దిగేలా చూసుకోండి. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ సర్వే కోసం వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెలవాళ్లు మట్టి కడిగి బంగారు రేణువులు తీస్తున్నారు. 1870లలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకాలకు అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ రంగంలోకి దిగింది. తొలి ఏళ్లలో డబ్బంతా కరిగిపోయి ఇక్కడ తవ్వుతున్న మైసూరు గని కంపెనీ మూతపడే దశలో ఉండగా ఛాంపియన్ రీఫ్ బయటపడింది. ఆ తర్వాత 120 ఏళ్లలో ఈ ఊరు ఇచ్చిన బంగారం దాదాపు 800 టన్నులు.

ముందు చూడాల్సినవి షాఫ్టు టవర్లు. షాఫ్టు అంటే గనిలోకి దిగే నిలువు బావి. దూరం నుంచి ఇనుప చట్రం మీద పెద్ద చక్రం కనిపిస్తుంది. ఆ చక్రం మీదుగా ఉక్కు తాడు ఒక పక్క నిలువుగా గనిలోకి, రెండో పక్క ఏటవాలుగా వైండర్ (తాడును చుట్టి లాగే యంత్రం) ఇంటికి పోయేది. తాడు ఇప్పుడు లేకపోయినా చట్రానికి ఏ పక్క ఏటవాలు కాళ్లున్నాయో చూస్తే, వైండర్ ఇల్లు ఎటువైపు ఉండేదో తెలుస్తుంది. అటు నడిస్తే ఎత్తైన కిటికీలున్న రాతి కట్టడమో, దాని పునాదో కనిపిస్తుంది. ఎడ్గర్, గిఫర్డ్, హెన్రీ, హీత్‌కోట్ వంటి షాఫ్టుల పేర్లను ఇక్కడివాళ్లు ఇప్పటికీ వీధుల పేర్లలా వాడతారు.

ఇంకో గుర్తు. రీఫ్, అంటే బంగారం ఉన్న పలుగురాయి పొర, నేల దగ్గర పడమరకు వాలి ఉండి, లోతుకు పోయేకొద్దీ నిట్టనిలువవుతుంది. అందుకే సాధారణంగా పాత, లోతు తక్కువ గుంతలు తూర్పున, లోతైన నిలువు షాఫ్టులు పడమరన ఉంటాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని నడిస్తే, చెల్లాచెదురుగా కనిపించే కట్టడాలకు ఒక క్రమం ఉందని బోధపడుతుంది.

గోడ ఉన్నచోట, గేటు ఉన్నచోట లోపలికి వెళ్లొద్దు. ఆ స్థలాలు గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్)వి, కాపలా ఉంటుంది. లోపలి నుంచి చూడాలనుకుంటే ఊరిగాంలోని బీజీఎంఎల్ కార్యాలయానికి ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. మీరెవరు, ఎందుకు, ఎంతమంది, ఏ తేదీ అన్నవన్నీ అందులో రాయండి. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపేస్తారు. కాపలావాళ్లకు డబ్బిచ్చి లోపలికి పోవడం మాత్రం చేయకండి. మూసిన షాఫ్టుల దగ్గర సిమెంటు పలకలు పగిలి ఉండొచ్చు. పాత గుంతల్లో గాలి కదలదు, ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది. లోపలికి నాలుగు మెట్లు దిగిన మనిషి స్పృహ తప్పి పడిపోతాడు, కాపాడబోయినవాడూ అక్కడే పడతాడు. తుక్కు ఇనుము కోసం దిగి ఇలా చనిపోయినవాళ్లున్నారు.

మారికుప్పం నుంచి ఛాంపియన్ వైపు నడిచి రండి. దారిపొడవునా గని లైన్లు కనిపిస్తాయి. చిన్నచిన్న ఇళ్లు వెన్నుకు వెన్ను ఆనించి వరుసగా ఉంటాయి. పైన మెట్ట మీద దొరల బంగళాలు, చుట్టూ విశాలమైన ఆవరణలు. రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో కంటితో కొలవొచ్చు. లైన్లు ప్రదర్శనశాల కాదు, కుటుంబాలు కాపురముంటున్న ఇళ్లు. ఫొటోకు ముందు అడగండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన కనిపిస్తే నమస్కారం పెట్టి, "మీరు ఏ షాఫ్టులో దిగేవారండీ?" అని అడగండి. "బంగారం చూశారా?" అని మాత్రం అడగొద్దు. గనిలో పనిచేసినవాళ్లకు కనిపించేది రాయే, బంగారం కాదు. షాఫ్టు పేరు అడిగితే ఎన్నో లెవెల్, ఎంత వేడి, రాక్‌బర్స్ట్ వచ్చిన రాత్రి ఏమైంది, అన్నీ వాళ్లే చెబుతారు. పైనున్న రాతి బరువుకు సొరంగం గోడ ఉన్నట్టుండి పేలిపోవడమే రాక్‌బర్స్ట్. పెద్దది వస్తే పైన ఊళ్లో ఇళ్లు కూడా కదిలేవి.

ఛాంపియన్ రీఫ్‌లో అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ చర్చి చూడదగ్గది. పూజ వేళ తప్పించి వెళ్లండి. అక్కడ నిలబడినప్పుడు మీ కాళ్ల కింద ఏం జరిగిందో కూడా గుర్తుచేసుకోండి. ఇదే గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్‌లోని ఒసాకా సిటీ, ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడను 1965లో పట్టుకున్నారు. అలా పట్టుకోవడం ప్రపంచంలో అదే మొదలు, అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ ఒక బృందం ఆ పని చేసింది. అంత మందం రాయి పైన ఉంటే తప్ప మిగతా కిరణాల గోల ఆగదు. దీన్ని గుర్తుచేసే ఆనవాలు పైన కనబడదు, తెలిసి వస్తేనే ఈ చోటుకు విలువ.

సైనైడ్ దిబ్బలు

ఎండ ఎక్కకముందు, 10 గంటల లోపు వీటి దగ్గరికి వెళ్లాలి. మధ్యాహ్నం గాలి లేస్తుంది. పలుగురాయిని పిండిగా దంచి, పాదరసంతో కొంత బంగారం, ఆ తర్వాత సైనైడ్ ద్రావణంతో మిగతాది తీసేవారు. బంగారం పోగా మిగిలిన పిండిని బురదగా పోసిందే ఈ దిబ్బలు. మొత్తం 13 దిబ్బల్లో దాదాపు 3.3 కోట్ల టన్నుల పిండి ఉంది. టన్నుకు ఒక గ్రాము లోపే అయినా బంగారం ఇంకా మిగిలి ఉండడంతో, వీటిని మళ్లీ శుద్ధి చేసేందుకు వేలం వేయాలన్న కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక ప్రభుత్వం 2024లో ఒప్పుకుంది. ఆ పని మొదలైతే ఈ రూపురేఖలు ఉండవు. చూడాలనుకున్నవాళ్లు ఆలస్యం చేయకపోవడం మంచిది.

దిబ్బ ఎక్కొద్దు, కింద రోడ్డు మీద నిలబడి చూడండి. వాన నీరు కోసిన లోతైన చీలికలు, పొరలు పొరలుగా లేత పసుపు, బూడిద రంగులు కిందినుంచే బాగా కనిపిస్తాయి. పైన గట్టిగా కనిపించే పెచ్చు కింద డొల్ల ఉంటుంది, అడుగు పడితే కూలుతుంది. వానాకాలంలో అంచులు జారతాయి. సినిమా షూటింగ్‌లు జరిగిన చోటు చూపిస్తామని పైకి తీసుకెళ్లేవాళ్లు ఎదురవుతారు. సెట్లు ఎప్పుడో తీసేశారు.

చాలామంది సైనైడ్‌కే భయపడతారు. ఎండకు, గాలికి అది చాలావరకు విరిగిపోతుంది. నేటి ప్రమాదం ఆ మెత్తటి పిండిలో ఉన్న సిలికా. ఊపిరితిత్తుల్లోకి పోయిన సిలికా బయటికి రాదు. గని కార్మికుల ఊపిరితిత్తులను తినేసిన సిలికోసిస్‌కు మూలం అదే. గాలి లేచిన రోజు చేతిరుమాలు పనిచేయదు, మాస్కు బిగుతుగా ఉండాలి. చిన్నపిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లను తీసుకెళ్లొద్దు. దిబ్బ పాదంలో నిలిచిన నీళ్లు ముట్టుకోవద్దు, లోహాలు కరిగి ఉంటాయి. వచ్చాక బూట్లు బయటే దులిపి, చేతులు కడుక్కుని తినండి. గుర్తుగా పిండి సీసాలో పట్టుకెళ్లొద్దు.

ఊరిగాం నుంచి ఆ పైన

ఛాంపియన్ నుంచి ఊరిగాం దగ్గరే. ఊరిగాం పాత స్టేషను చూశాక ఆటో మాట్లాడుకోండి, ఎక్కేముందే మొత్తం తిరుగుడుకు ఎంతో తేల్చుకోండి. కేజీఎఫ్ క్లబ్బు, గోల్ఫ్ మైదానం సభ్యులకే. బయటినుంచి చూస్తే చాలు.

ఈ ఊరికి కరెంటు 1902లో వచ్చింది. కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టించిన విద్యుత్తును దాదాపు 147 కిలోమీటర్ల తీగ మీద గనులకు తెచ్చారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి పొడవైన లైన్లలో అదొకటి. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది ఆ తర్వాతే, 1905లో. నీళ్లు పాలారు మీదున్న బేతమంగళ చెరువు నుంచి వచ్చేవి. మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేటలో భోంచేసి అక్కడికి పోవచ్చు. చెరువు కట్ట మీద నీడ ఉంటుంది, విజయేంద్ర స్వామి గుడి పక్కనే.

రాళ్లంటే ఇష్టమున్నవాళ్లు పెద్దపల్లి వదలొద్దు. అగ్నిపర్వతం విరజిమ్మిన రాతిముక్కలు, నీటి అడుగున లావా దిండ్లలా గడ్డకట్టిన రాళ్లు ఇక్కడున్నాయి. కోలార్ రాతి పట్టీ వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. మ్యాప్‌లో ఉత్త "పెద్దపల్లి" అని కొడితే తెలంగాణ జిల్లా చూపిస్తుంది, పక్కన కోలార్ అని చేర్చండి. రాయి పగలగొట్టొద్దు, పట్టుకెళ్లొద్దు.

గుడులు చూడాలంటే కమ్మసంద్రలో కోటిలింగేశ్వరం ఉంది, 108 అడుగుల శివలింగం అక్కడిదే. గుట్టహళ్లిలో బంగారు తిరుపతి ఉంది. ఈ రెండూ, గనులూ ఒకే రోజులో పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడరు. సెలవు రోజుల్లో కోటిలింగేశ్వరం దగ్గర రద్దీ ఉంటుంది కాబట్టి దాన్ని రెండో రోజు ఉదయానికి పెట్టుకుని, రాత్రి రాబర్ట్‌సన్‌పేటలోనో కోలార్‌లోనో ఉండండి.

సాయంత్రం రైలుకు కోరమాండల్లో ఎక్కేకన్నా ఆటోలో బంగారుపేటకే వచ్చేయండి. అక్కడ ఆగే బండ్లు ఎక్కువ. బంగారుపేట పానీపూరీ పేరున్నది, నీళ్లు పచ్చగా కాక తేటగా ఉంటాయి, కారం మాత్రం గట్టిగానే తగులుతుంది. కుప్పం వైపు వెళ్లేవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి. దారిలో వచ్చే బిసానత్తం చిత్తూరు జిల్లాలోది. అక్కడా బీజీఎంఎల్ బంగారం తవ్వింది, మారికుప్పం రాతి పట్టీ దక్షిణాన సాగింది ఆ వైపే.