కారు ఇంజిన్ పాడైనప్పుడు: బాగు చేయించడమా, వేరే ఇంజిన్ ఎక్కించడమా

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా అన్నయ్య డీజిల్ డిజైర్ బానెట్ దాకా మునిగింది. నీళ్లు తగ్గాక, కారు పైకి బాగానే కనిపిస్తోందన్న ధైర్యంతో ఆయన తాళం తిప్పారు. స్టార్టర్ ఒక్కసారి గట్టిగా మూలిగింది, లోపల ఠక్కుమని శబ్దం వచ్చింది, ఇంజిన్ బిగుసుకుపోయింది. బండిని ఆటోనగర్‌కు లాగించుకు వెళితే ఒక షెడ్డులో వేరే ఇంజిన్ ఎక్కించడం తప్ప దారి లేదన్నారు, ఇంకో షెడ్డులో బోరు చేయించి, అంటే సిలిండర్ల లోపలి గోడలను కాస్త కోయించి, పిస్టన్లు మారిస్తే చాలన్నారు. ఇద్దరిలో ఎవరూ ఒక్క బోల్టు కూడా విప్పి చూడలేదు. ఇంజిన్ విషయంలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే: లోపల ఏది మిగిలిందో తెలియకముందే నిర్ణయం జరిగిపోతుంది.

నీట మునిగిన బండిని ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయకూడదు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం సాధ్యం కాదు కాబట్టి, సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజిన్ తిరిగితే పిస్టన్ మధ్యలోనే ఆగుతుంది, దాని కింది కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బీమా కంపెనీకి కబురు చేసి, సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏదీ విప్పించకండి. మునిగిన తర్వాత తాళం తిప్పడం వల్ల జరిగిన నష్టాన్ని మామూలు సమగ్ర పాలసీ కింద సాధారణంగా చెల్లించరు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్‌ఆన్ ఉంటేనే ఆశ. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా లెక్కగడతారు కాబట్టి, అప్పుడు ఇంజిన్ చర్చకే అవసరం ఉండదు.

ఇంజిన్‌ను దింపకముందే చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీళ్లో కూలంటో కలిసినట్టు. ఆయిల్ ఫిల్టర్‌ను కోయించి, లోపలి మడతల కాగితాన్ని వెలుతురులో పరచి చూడండి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే బేరింగులు అరిగిపోతున్నాయన్నమాట. తర్వాత అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష (పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం) చేయించి, అంకెలను కాగితం మీద రాయించుకోండి. ఒక అంకె విడిగా ఎంత ఉందన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నదే ఎక్కువ చెబుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగినప్పుడు పిస్టన్ రింగులూ బోరూ (సిలిండర్ లోపలి గోడ) అరిగాయని, పెరగనప్పుడు వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే పొర) దగ్గరో లీకు ఉందని అర్థం చేసుకోవచ్చు. లోపం హెడ్ వరకే పరిమితమైతే అది ఇంజిన్ మార్చాల్సిన సమస్య కానే కాదు. వేడెక్కి ఆగిన ఇంజిన్లలో అల్యూమినియం హెడ్ వంగడం మామూలే. ఉక్కు స్కేలును హెడ్ మీద నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద ఫీలర్ గేజి (సందును కొలిచే పలుచని రేకు) దూర్చి వంపు కొలిచి, తయారీదారు ఇచ్చిన పరిమితి లోపల ఉంటే ఫేసింగ్ చేయించి, అంటే ఆ ముఖాన్ని చదునుగా కోయించి, వాడుకోవచ్చు.

అసలు తీర్పు చెప్పేవి సిలిండర్లుండే బ్లాకు, పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్ట్. రాడ్ విరిగి బ్లాకు గోడను పొడుచుకు వచ్చినా, మెయిన్ బేరింగులు కూర్చునే చోట పగులు కనిపించినా వెల్డింగుకు ఒప్పుకోకుండా ఇంజిన్ మార్చడమే మేలు. బ్లాకు బాగుంటే లేత్ షాపులో బోరును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిశల్లో కొలిపించండి. అరుగుదల ఎంతో, బోరు కోడిగుడ్డు ఆకారానికి ఎంత మారిందో అప్పుడే తేలుతుంది. బోరు చేయించాల్సి వస్తే, ఆ ఇంజిన్‌కు పెద్దదైన బోరుకు సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయో లేదో ముందు కనుక్కోవాలి. డిజైర్, స్విఫ్ట్‌లలో వచ్చిన ఫియట్ 1248 సీసీ డీజిల్‌కు బ్లాకు పోత ఇనుముది. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజిన్లకు అల్యూమినియం బ్లాకు, అందులో ఇనుప లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) ఉంటాయి. ఒకదానికి చేసిన పని ఇంకోదానికి అలాగే కుదురుతుందని అనుకోకూడదు.

మా అన్నయ్య బండి ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి నాలుగు బేరింగ్ షెల్స్ (రాడ్, క్రాంక్ కలిసే చోట ఉండే వంపు తిరిగిన పలుచని ముక్కలు) తీసి, గుడ్డతో తుడిచి, వరసగా పాత పేపరు మీద పెట్టారు. మూడు షెల్స్ బూడిద రంగులో సమంగా ఉన్నాయి. నాలుగో దానికి ఒక అంచున బూడిద పొర లేచిపోయి కింది రాగి రంగు నెలవంకలా బయటపడింది. రాడ్ వంగితే బరువు షెల్ మీద ఒక పక్కకే పడుతుందని ఆయన చెప్పి, హెడ్ తీసిన తర్వాత పిస్టన్లు పైకి వచ్చే ఎత్తును డయల్ గేజితో కొలిచి చూపించారు. ఆ ఒక్క పిస్టన్ మిగతా వాటికన్నా కిందే ఆగింది. క్రాంక్ నిటారుగా ఉంది, బోర్లలో లోతైన గీతలు లేవు. కొత్త రాడ్, రింగులు, మొత్తం బేరింగులు, గాస్కెట్లు వేయించి అదే ఇంజిన్‌ను నిలబెట్టాం. మొదటి షెడ్డు మాట విని ఉంటే మంచి బ్లాకు ఒకటి తుక్కు కింద పోయేది.

బేరింగు చెడిన ఇంజిన్‌ను బాగు చేయించేవారు ఆయిల్ కూలర్‌ను, టర్బోకు వెళ్లే ఆయిల్ గొట్టాన్ని తప్పకుండా శుభ్రం చేయించాలి లేదా మార్పించాలి. పాత లోహపు పొడి అక్కడ దాగి ఉండి, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే కొత్త బేరింగుల్లోకి చేరుతుంది. అంత పని చేయించి ఈ ఒక్క చోట పొదుపు చేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వేరే ఇంజిన్ ఎక్కించాలనుకుంటే, అది పూర్తిగా అదే రకమై ఉండాలి. ఫియట్ 1248 సీసీ డీజిల్‌నే తీసుకోండి: స్విఫ్ట్, డిజైర్‌లలో అది 75 హార్స్‌పవర్ ఇచ్చేది, ఎర్టిగా, ఎస్‌ఎక్స్4లలో వేరే రకం టర్బోతో 90 ఇచ్చేది, టాటా విస్టాలోనూ అదే మూలం. బ్లాకు ఒకేలా కనిపించినా మౌంటింగులు, సెన్సర్లు, వైరింగు వేరు. కాలుష్య ప్రమాణాలను బట్టి బీఎస్3 ఇంజిన్‌కు, బీఎస్4 ఇంజిన్‌కు మధ్య కూడా తేడాలున్నాయి. ఇంజెక్టర్లు మారితే వాటి కోడ్‌లను ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో, ఎక్కించాలి. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి, ఇప్పుడు దొరికే పాత డీజిల్ ఇంజిన్లలో వయసు తక్కువవి తగ్గుతూ వస్తున్నాయన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌ను నేల మీద పడి ఉన్న స్థితిలో కొనకండి. వీలైతే పాత బండిలోనే నడిపించి వినండి, కాకపోతే కంప్రెషన్ కొలిపించి, చాంబర్ విప్పించి ఒకటి రెండు బేరింగులు చూడండి. ఏ బండి నుంచి వచ్చింది, ఆ బండి ఆర్‌సీ రద్దయిందా, ఇంజిన్ నంబరు చెరిపినట్టు ఉందా అన్నవి కాగితాలతో సరిచూసుకోవాలి. దొంగ బండి ఇంజిన్ అయితే కొన్నవారే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. నంబరు కనిపించేలా బిల్లు, ఎన్ని రోజుల హామీయో అందులోనే రాత తీసుకోండి.

ఖర్చు పోల్చేటప్పుడు ఇంజిన్ ధర పక్కన బాగు చేసే ధర పెట్టి చూస్తే సరిపోదు. రెండింటికీ క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, థర్మోస్టాట్, మౌంటింగులు, ఆయిల్, కూలంట్, దింపి ఎక్కించే కూలీ కలపాలి. విప్పిన తర్వాత బయటపడేవాటికి నేనైతే మరో నాలుగో వంతు పక్కన పెడతాను. ఆ మొత్తం, బండి నడిచే స్థితిలో ఉంటే పలికే ధరలో సగం దాటుతుంటే, ఆర్‌సీ గడువును చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. గడువు ఒకటి రెండేళ్లే ఉండి, కింద తుప్పు కూడా పట్టి ఉంటే, ఆ బండిని ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమే నయం. బాడీ గట్టిగా ఉండి, బ్లాకు, క్రాంక్ నిలిచి ఉంటే మాత్రం నా మొగ్గు సొంత ఇంజిన్ వైపే, ఎందుకంటే దానికి ఏ ఆయిల్ ఎప్పుడు పోశామో మనకు తెలుసు.

ఇంజిన్ మార్చినవారికి ఇంకో పని మిగిలి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం మార్పుకు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. ముందస్తు అనుమతి లేకుండా మార్చినప్పుడు 14 రోజుల్లోగా తెలియజేసి కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఆ ఆర్‌సీ ప్రతిని బీమా కంపెనీకి పంపి, పాలసీలోనూ నంబరు మార్పించుకోండి.