వలస చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పాలన ఏ రోజున ముగిసింది?

గత పాఠంలో పుదుచ్చేరి ఎన్నిసార్లు చేతులు మారిందో వరుసగా రాసుకున్నాం. 1674లో ఫ్రెంచి వ్యాపార కంపెనీ అధికారి ఫ్రాన్స్వా మార్టిన్ నిలబెట్టిన స్థావరాన్ని 1693లో డచ్చివారు పట్టుకున్నారు. 1761లో ఆంగ్లేయులు గెలిచి ఊరిని నేలమట్టం చేశారు. చివరికి 1816లో అది ఫ్రెంచివారికి నికరంగా దక్కింది. ఊరు పోయింది ప్రతిసారీ యుద్ధంలో, తిరిగి వచ్చింది ఒప్పందంతో. ఈ తేడా గుర్తుంచుకోండి, ఈసారి బాగా పనికొస్తుంది.

పాలన ముగిసిన తేదీ అంటూ ఒకటే కనిపిస్తే దాన్ని వెంటనే నమ్మకుండా మూడు ప్రశ్నలు వేయాలి. పోలీసులు, కస్టమ్స్, పన్నులు ఎప్పుడు ఎవరి చేతికి వచ్చాయి? సార్వభౌమాధికారం ఎప్పుడు మారింది? అక్కడి మనుషులు ఎప్పటినుంచి ఏ దేశస్థులు?

కాగితం మీద మూడు గడులు గీసి పుదుచ్చేరికి పూరించి చూద్దాం.

మొదటి గడి తేలిక. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరు గ్రామంలో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమైతే 170 మంది భారత్‌లో విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది.

చాలామంది పుస్తకం ఇక్కడే మూసేస్తారు. కానీ రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలను పూర్తి సార్వభౌమాధికారంతో అప్పగించే ఒప్పందంపై 1956 మే 28న ఢిల్లీలో సంతకాలయ్యాయి. అయితే సంతకం చాలదు, ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదించాలి. అప్పటికి ఫ్రాన్స్ పాలనలోనే ఉన్న అల్జీరియాలో స్వాతంత్ర్యం కోసం యుద్ధం సాగుతోంది. ఒక భూభాగాన్ని వదులుకుంటే అది మిగతావాటికీ ఉదాహరణ అవుతుందని ఫ్రాన్స్ రాజకీయ వర్గాలు జంకాయి. 1962 మార్చిలో అల్జీరియా యుద్ధాన్ని ఆపే ఎవియాన్ ఒప్పందం కుదిరాకే దారి తెరుచుకుంది. ఆమోద పత్రాల మార్పిడి 1962 ఆగస్టు 16న జరిగింది. రెండో గడిలో రాయవలసిన తేదీ అదే. పుదుచ్చేరి విషయంలో ఢిల్లీ, పారిస్‌ల మధ్య జరిగినదంతా చదివి, అల్జీరియాను వదిలేస్తే ఈ ఆలస్యం అర్థం కాదు. ఒక రేవు పట్టణం కథ చదివేటప్పుడు అదే సామ్రాజ్యంలోని మరో మూలను కూడా చూడడం అలవాటు చేసుకోండి.

మూడో గడి నాకు అన్నిటికంటే ముఖ్యం. 1958లో పుదుచ్చేరిలో ఒక స్థానిక కుటుంబంలో పుట్టిన బిడ్డను ఊహించండి. వీధిలో తిరిగే పోలీసు భారత ప్రభుత్వానికి చెందినవాడు. చట్టం దృష్టిలో మాత్రం ఆ బిడ్డ ఫ్రెంచి జాతీయుడు. అక్కడే పుట్టి అక్కడే నివసిస్తున్నవారు 1962 ఆగస్టు 16 నుంచి భారత పౌరులయ్యారు. ఫ్రెంచి జాతీయత నిలుపుకోవాలనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. పెద్దలు రాసిచ్చే ఒక కాగితం మీద కుటుంబం భవిష్యత్తు ఆధారపడింది. జెండాల గురించి ఎంత చదివినా ఈ గడి నింపనివారికి ఆ ఎనిమిదేళ్లు కనిపించవు.

ఇప్పుడు మీ వంతు. గోవాకు ఇవే మూడు గడులు గీయండి. 1961 డిసెంబరు 19న భారత సైన్యం అక్కడ పోర్చుగల్ పాలనను ముగించింది. పోర్చుగల్ దాన్ని గుర్తిస్తూ ఒప్పందం చేసుకున్నది 1974 డిసెంబరు 31న. ఏ తేదీ ఏ గడిలోకి వెళుతుంది? పుదుచ్చేరిలో ఓటు, ఒప్పందం ముందు వచ్చాయి. గోవాలో ముందు వచ్చిందేమిటి? రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో హాంగ్‌కాంగ్‌కు సంబంధించిన 1842, 1860, 1898 ఒప్పందాలను పక్కపక్కనే పెట్టి చదువుదాం.