మిక్సింగ్‌లో సౌండ్ పగులుతోందా? ముందు ఎక్కడ పగిలిందో పట్టుకోండి

మొన్నీమధ్య తెలిసిన కుర్రాడొకడు ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం పంపాడు. ఒక కరోకే ట్రాక్, దాని మీద పాడిన గొంతు, నాలుగు కోరస్ ట్రాకులు, అంతే. "అన్నా, విడివిడిగా వింటే అన్నీ బాగున్నాయి, కలిపితే మాత్రం పల్లవి దగ్గర బరబరమంటోంది, మైక్ మార్చేయనా?" అని అడిగాడు. తెరిచి చూస్తే మాస్టర్ (ట్రాకులన్నీ కలిసి బయటికి వెళ్లే చివరి చానల్) మీటర్ నెత్తిన +6.3 డీబీ (డెసిబెల్, సౌండ్ స్థాయి కొలత) అని ఎర్రగా వెలుగుతోంది. మైక్ ఏం పాపం చేసింది!

అలాగని ఎర్ర లైట్ కనపడ్డ ప్రతిసారీ తప్పు మాస్టర్‌దే అనుకున్నా దెబ్బతింటారు. రికార్డింగ్‌లోనే పగిలి ఉండొచ్చు, మధ్యలో ఏదో ప్లగిన్‌లో (సౌండ్‌ని మార్చడానికి ట్రాక్ మీద తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) పగలొచ్చు, మాస్టర్‌లో పగలొచ్చు, లేదా పాట అసలు పగలకుండా మీ లాప్‌టాపే దాన్ని వినిపించలేక తడబడుతూ ఉండొచ్చు. ఎక్కడో తెలియకుండా నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటే రాత్రి రెండు దాటినా తేలదు. నాకు తేలలేదు, అందుకే చెప్తున్నా.

ముందు మూడు పరీక్షలు చేయండి, అయిదు నిమిషాల పని.

పగులుతున్న చోట ఒక నాలుగు సెకన్లు లూప్‌లో పెట్టండి. మాస్టర్ మీద ప్లగిన్లు ఉంటే ఆపేసి, మాస్టర్ ఫేడర్ (వాల్యూమ్ మీట) 10 డీబీ కిందకి లాగి, తగ్గినంత మేర స్పీకర్ నాబ్ పెంచుకుని వినండి. బరబర మాయమైతే ట్రాకులన్నీ కలిసి సీలింగ్‌కి కొట్టుకుంటున్నాయని అర్థం. మాయం కాకుండా అదే బరబర ఉంటే, అది మాస్టర్ దాకా రాకముందే పుట్టింది. తర్వాత అదే నాలుగు సెకన్లు వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో వినండి, ఫోన్‌లో శుభ్రంగా ఉంటే జబ్బు పాటకి కాదు, కంప్యూటర్‌కి. ఇక మూడోది, ఒక్కో ట్రాక్ సోలో చేస్తూ (అదొక్కటే వినపడేలా పెట్టి), దాని మీద ప్లగిన్లన్నీ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి వినడం. ఈ మూడూ చేస్తే దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలిసిపోతుంది.

విడిగా బాగుంది, కలిపితే పగులుతోంది

ఎక్కువ మందిది ఇదే జబ్బు. డిజిటల్‌లో 0 డీబీ అంటే సీలింగ్, ఆ పైన ఇంకేం లేదు. రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ లోపల 64 బిట్ ఫ్లోట్‌లో (0 దాటిన స్థాయిని కూడా పోగొట్టుకోని పద్ధతిలో) లెక్కలు కడుతుంది కాబట్టి లోపల ట్రాక్ ఎరుపెక్కినా చాలాసార్లు ఏమీ కాదు. కానీ చెరువు ఎంత పెద్దదైనా నీళ్లు బయటికి వచ్చేది తూములోంచే కదా, సౌండ్ కార్డుకి వెళ్లేటప్పుడో, 16 బిట్, 24 బిట్ ఫైల్‌గా మారేటప్పుడో 0 దాటినదంతా కోసుకుపోతుంది. తరంగం తల నరికినట్టు చదునైపోతుంది, మనకి వినపడే బరబర అదే.

ఆ కుర్రాడి కేసు చూడండి. నెట్‌లో దొరికే కరోకే ట్రాకులు ఎక్కువ శాతం అప్పటికే మాస్టరింగ్ (పాటని చివర్లో గట్టిగా చేసే పని) అయిపోయినవి, శిఖరాలు 0కి ఆనుకునే ఉంటాయి. దాని మీద -6 డీబీ శిఖరాలతో గొంతు పెడితే, రెండు శిఖరాలూ ఒకే క్షణాన పడ్డప్పుడు లెక్క +3.5 దాకా పోతుంది. నిండు బస్సులో ఇంకో నలుగురిని ఎక్కించినట్టే. పైగా మనవాడు కోరస్ కోసం ఒకే టేక్‌ని నాలుగు ట్రాకుల్లోకి కాపీ పేస్ట్ చేశాడు. ఒకే తరంగం రెట్టింపైతే 6 డీబీ పెరుగుతుంది, నాలుగైతే 12 డీబీ. అది కోరస్ అవ్వదు, ఒకే మనిషి గట్టిగా అరిచినట్టు ఉంటుందంతే. నాలుగు సార్లు వేరుగా పాడిస్తే సుమారు 6 డీబీయే పెరుగుతుంది, వినడానికీ నిజంగా నలుగురిలా ఉంటుంది.

మందు సులువు. కరోకే ట్రాక్‌ని ముందు 8, 10 డీబీ దించేయండి, గొంతుని దానికి తగ్గట్టు పెట్టుకోండి, మాస్టర్ -6 దగ్గర ఆడేలా చూసుకోండి. బ్యాలెన్స్ అప్పటికే బాగా కుదిరి ఉంటే ట్రాకులన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఒకే కొలతన దించితే సరిపోతుంది. ఎక్కడైనా వాల్యూమ్ ఆటోమేషన్ (పాట నడుస్తుండగా ఫేడర్‌ని దానంతట అదే కదిలించే గీత) గీసి ఉంటే మాత్రం ప్లే నొక్కగానే ఫేడర్ మళ్లీ ఎగిరి పాత చోటికే పోతుంది, అప్పుడు ఆ గీతనే మొత్తంగా కిందకి జరపాలి. "సౌండ్ తగ్గిపోయిందన్నా" అంటారు వెంటనే. స్పీకర్‌కి నాబ్ ఉంది కదా, అది తిప్పండి. పాటని గట్టిగా చేసే పని చివర్లో.

ఫేడర్ దించినా ఆ ట్రాక్ పగులుతూనే ఉంది

ఇక్కడే చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. ఫేడర్ అనేది మామూలుగా ప్లగిన్ల తర్వాత ఉంటుంది. లోపల కంప్రెసర్ (గట్టి చోట్లని అణిచే ప్లగిన్) మేకప్ గెయిన్‌తో (అణిచాక మళ్లీ పెంచే నాబ్) 9 డీబీ ఎక్కించి, దాని కింద టేప్, ట్యూబ్ లాంటి పాత యంత్రాలని అనుకరించే ప్లగిన్ ఉంటే, అది అక్కడే నలిపేస్తుంది. మీరు ఫేడర్ దించితే నలిగిన సౌండే మెల్లగా వినపడుతుంది. పాలు విరిగాక మంట తగ్గిస్తే ఏం లాభం?

కాబట్టి ప్లగిన్లకి ముందే తగ్గించాలి. రీపర్‌లో ఐటమ్ వాల్యూమ్ ప్లగిన్లకన్నా ముందు పనిచేస్తుంది, క్యూబేస్‌లో ప్రీ గెయిన్ ఉంది, అవేవీ దొరక్కపోతే వరసలో మొదట ఒక గెయిన్ ప్లగిన్ పడేయండి. అనలాగ్ యంత్రాలని అనుకరించే ప్లగిన్లు చాలావరకు -18 డీబీ దగ్గర సగటు స్థాయిని ఊహించి తయారైనవి, వాటికి -3 దగ్గర గొంతుని తోస్తే అవి చేసే పని అవి చేస్తాయి, అంటే కొరుకుతాయి. తర్వాత ఒక్కో ప్లగిన్ ఆన్ ఆఫ్ చేస్తూ చూడండి, పెట్టినప్పుడూ తీసినప్పుడూ సౌండ్ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండాలి. ఇది చేస్తే ఇంకో లాభం కూడా ఉంది, సగం ప్లగిన్లు ఏమీ మేలు చేయట్లేదని, ఊరికే సౌండ్ పెంచి మనల్ని మోసం చేస్తున్నాయని బయటపడుతుంది. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర 8 డీబీ ఎత్తేసినవాళ్లు కూడా ఇక్కడే దొరుకుతారు. బేస్ కావాలంటే ఎత్తడం కన్నా, దాన్ని కప్పేస్తున్న 250, 300 ప్రాంతాన్ని కొంచెం కోసి చూడండి.

ప్లగిన్లన్నీ తీసేసినా పగులుతోంది

అయితే రికార్డింగ్‌లోనే పోయింది. తరంగాన్ని బాగా జూమ్ చేయండి, కొండ శిఖరంలా ఉండాల్సింది డాబా పైకప్పులా చదునుగా ఉంటే అక్కడ క్లిప్ అయినట్టే, అంటే తల కోసుకుపోయినట్టే. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పింగ్ చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే ఆ చోట్లన్నీ ఎర్ర గీతలతో కనపడతాయి. ఒక మెలిక ఉంది, ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) లోపలికి రాకముందే, అంటే మైక్ ప్రీయాంప్‌లోనో (మైక్ సౌండ్‌ని పెంచే యంత్రం) ఫోన్‌లోనో పగిలిపోయిన సౌండ్‌ని తర్వాత తగ్గించి పంపితే, మీటర్ -10 చూపిస్తున్నా తలలు మాత్రం చదునుగానే ఉంటాయి. మీటర్‌ని కాదు, ఆకారాన్ని నమ్మండి.

నేను ఇందులో బాగా దెబ్బతిన్నాను. మా మేడ మీద గదిలో ఒకాయన చేత డప్పు కొట్టించి రికార్డ్ చేశాను. టెస్టింగ్ అంటే ఆయన చిర్రతో మెల్లగా నాలుగు దరువులు వేశాడు, మీటర్ -8 దగ్గర ఆడింది, సరే అని గెయిన్ అక్కడే వదిలేశా. అసలు టేక్ మొదలై పాట ఊపందుకున్నాక ఆయన చెయ్యి ఆగుతుందా, మూడో చరణానికి వచ్చేసరికి ప్రతి దెబ్బా తల తెగి కూర్చుంది, నేనేమో హెడ్‌ఫోన్స్‌లో తల ఊపుతూ మీటర్ చూడలేదు. డప్పుని మంట దగ్గర కాచి బిగించుకుని వస్తారు కదా, దెబ్బ పడ్డ మొదటి రెండు మూడు మిల్లీసెకన్లలోనే శిఖరం అంతా అయిపోతుంది, అంత వేగంగా వచ్చేదానికి చోటు వదలకపోతే ఇంతే.

అప్పట్నించీ ఎవరొచ్చినా "పాటలో ఎక్కడ గట్టిగా ఉంటుందో అదే కొట్టండి, అదే పాడండి" అని అడిగి, అక్కడ శిఖరం -12 దాటకుండా గెయిన్ పెడుతున్నా. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తక్కువగా వచ్చిందన్న టెన్షన్ అక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిపోయినదాన్ని బాగుచేసే సాధనాలు లేకపోలేదు, ఆడాసిటీలో క్లిప్ ఫిక్స్ ఉంది, అక్కడక్కడా ఒకటి రెండు దెబ్బలైతే అతుకు వేస్తుంది, చరణమంతా పోతే మాత్రం దాని వల్ల కాదు.

చిటపట, తడబాటు, గొంతు మారిపోవడం

బరబర కాకుండా నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు వస్తూ, ప్రతిసారీ వేరే చోట వస్తుంటే అది బఫర్, అంటే కంప్యూటర్ సౌండ్‌ని ఒక్కో వాయిగా సిద్ధం చేసుకునే చోటు. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇది సాధారణంగా కనపడదు. సెకనుకు 44100 శాంపిళ్ల (సౌండ్ కొలతల) దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే కంప్యూటర్‌కి ఒక్కో వాయి అందించడానికి మూడు మిల్లీసెకన్లు కూడా లేనట్టు, 1024 పెడితే 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి. పాడేటప్పుడు తక్కువ ఉంచుకుని మిక్సింగ్‌కి 1024 పెట్టేయండి. విండోస్‌లో పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే (సౌండ్‌ని తక్కువ ఆలస్యంతో చేరవేసే సాఫ్ట్‌వేర్) వాడండి, బ్రౌజర్ మూసేయండి. ఎండాకాలం మధ్యాహ్నం పూట ఈ జబ్బు ముదురుతుంది, లాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. గెయిన్ ఎంత తగ్గించినా అప్పుడు ఉపయోగం లేదు, కింద రెండు పుస్తకాలు పెట్టి గాలి ఆడనివ్వండి.

చిటపట కాకుండా ప్రతిసారీ కచ్చితంగా ఒకేచోట టిక్ మంటే అది మీరు కోసిన చోటు. తరంగం మధ్యలో కత్తి పడింది. అక్కడ 5, 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి, పోతుంది.

శ్రుతే మారిపోతే శాంపిల్ రేట్ (సెకనుకు ఎన్ని శాంపిళ్లో) చూడండి. 44100లో రికార్డ్ చేసినది 48000 దగ్గర ఆడితే ఒకటో శ్రుతిలో పాడినది ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఎక్కడో వినపడుతుంది, వేగమూ పెరుగుతుంది. ఫోన్ వీడియోల ఆడియో సాధారణంగా 48000లో ఉంటుంది, కరోకే ట్రాక్ 44100లో ఉంటుంది. ప్రాజెక్ట్ రేటు, ఇంటర్‌ఫేస్ రేటు, విండోస్ సౌండ్ సెట్టింగ్ రేటు మూడూ ఒకటే ఉండేలా పెట్టుకోండి.

ఇంకొకటి, బ్లూటూత్ హెడ్‌సెట్‌తో మిక్స్ చేస్తూ "పాటంతా ఫోన్ కాల్‌లా వస్తోంది" అని అడిగేవాళ్లు చాలామంది. సాఫ్ట్‌వేర్ ఆ హెడ్‌సెట్ మైక్‌ని తెరవగానే అది కాల్ మోడ్‌లోకి మారిపోతుంది. ఇన్‌పుట్‌లో ఆ మైక్ తీసేయండి, వీలైతే వైర్ హెడ్‌ఫోన్స్ కొనండి.

మిక్స్ బాగుంది, ఎక్స్‌పోర్ట్ చేశాక పగిలింది

ఎంపీ3గా మారేటప్పుడు శిఖరాలు కొంచెం పైకి లేస్తాయి. మాస్టర్ లిమిటర్ (శిఖరాలని ఒక గీత దాటనివ్వని ప్లగిన్) సీలింగ్ 0 దగ్గర పెట్టి ఉంటే ఆ కొంచెమే చాలు. -1 దగ్గర, ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచే శిఖరాలని కూడా చూసే ఆప్షన్) ఆన్‌లో పెట్టండి. లిమిటర్ తగ్గించేది రెండు మూడు డీబీ అయితే వినపడదు, ఎనిమిది పది అయితే తాళం దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు నలుగుతుంది. బేస్ ఎక్కువున్న పాటలో రిలీజ్ (లిమిటర్ నొక్కాక వదలడానికి తీసుకునే సమయం) మరీ వేగంగా పెట్టినా బరబరే, 50 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది, మీ రిలీజ్ 5 మిల్లీసెకన్లు ఉంటే లిమిటర్ ఆ తరంగాన్నే పట్టుకుని నొక్కుతూ వదులుతూ ఉంటుంది. 100 దాకా పెంచి వినండి. స్పాటిఫై కళాకారులకి ఇచ్చే సూచన -14 లఫ్స్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత), అంతకన్నా గట్టిగా తోసినా వాళ్లే దించేస్తారు, కాబట్టి పక్కవాడి పాటకన్నా గట్టిగా ఉండాలని నలపడం దండగ.

కుర్రాడి పాట ఆ సాయంత్రమే తేలిపోయింది, కరోకే 9 డీబీ దించి కోరస్ మళ్లీ పాడించాడు, మైక్ మార్చలేదు. నా డప్పు మాత్రం తేలలేదు. క్లిప్ ఫిక్స్, ఈక్వలైజర్ అన్నీ అయ్యాక మొదటి చరణంలో శుభ్రంగా ఉన్న రెండు ఆవర్తనాలు కోసి మూడో చరణంలో అతికించాను, తాళం కుదిరింది కానీ ఆయన చెయ్యి ఊపు లేదు. చివరికి ఫోన్ చేసి, తప్పు నాదేనని ఒప్పుకుని, ఆదివారం మళ్లీ రమ్మన్నాను.