ఖర్జూర వృక్షంలా ఎదుగుదాం – 3వ పాఠం: మొవ్వును కాపాడుకోవడం

మొదటి రెండు పాఠాల్లో వేరు గురించి, నీటి కాలువ గురించి నేర్చుకున్నాం. ఇప్పుడు చెట్టు తలవైపు చూద్దాం. "నీతిమంతులు ఖర్జూరవృక్షమువలె మొవ్వు వేయుదురు" అంటుంది 92వ కీర్తన 12వ వచనం.

చాలా చెట్లకు ఒక కొమ్మ నరికితే పక్కనుంచి ఇంకొకటి చిగురిస్తుంది. ఖర్జూరపు మాను అలా కాదు. కొత్త ఆకు ఏదైనా పైనున్న ఒక్క మొవ్వులోంచే రావాలి. అది చచ్చిపోతే ఎంత ఎత్తు పెరిగిన మానైనా, ఎన్నేళ్లు కాసినదైనా, ఇక ఎదగదు. ఆ మొవ్వు మాత్రం బయటికి కనిపించదు. మట్టల మొదళ్ల మధ్య, లేత ఆకుల పొరల లోపల ఉంటుంది.

విశ్వాసి జీవితంలో ఆ చోటు దేవునితో గడిపే ఏకాంత సమయమని నేను గట్టిగా నమ్ముతాను. పరిచర్య, పాటలు, బోధ అన్నీ ఆకులే. అవి మంచివే, కానీ వాటిని పుట్టించేది లోపల ఉంది. "నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" ప్రార్థించమని యేసు చెప్పింది ఆ లోపలి చోటు గురించే.

ఆయన కూడా అలాగే చేశాడు. మార్కు 1వ అధ్యాయం చూడండి. కపెర్నహూములో సాయంత్రం పట్టణమంతా వాకిట గుమిగూడింది, ఎంతోమంది రోగులు బాగుపడ్డారు. మర్నాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేస్తున్నాడు. సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నిన్ను వెదకుతున్నారని చెబితే, ఆయన వెనక్కి రాలేదు. వేరే ఊళ్లలో ప్రకటించడానికి వెళ్దామన్నాడు. జనం అడిగినదానికీ తండ్రి పంపిన పనికీ తేడా ఆయనకు తెలుసు. ప్రార్థన మానేస్తే మనకు ముందుగా పోయేది ఈ వివేచనే.

ఖర్జూరానికి పెద్ద శత్రువు ఎర్రముక్కు పురుగు. మాను మీద గాయమో పగులో ఉంటే అందులో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపల తొలుచుకుంటూ పోతాయి. చెట్టు చాలాకాలం పచ్చగానే ఉంటుంది! మొవ్వు వాలేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది. క్షమించని గాయం కూడా అంతే. ఎవరో అన్న మాట మనసులో ఉండిపోతుంది, మనం ఆదివారం ఆరాధనకు వెళ్తూనే ఉంటాం, ప్రార్థన మాత్రం ఎండిపోతుంది. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని పౌలు గడువు పెట్టింది ఇందుకే. తీవ్రంగా గాయపడినవాళ్లకు ఒక్క సాయంత్రంలో అంతా తేలిపోదు. కనీసం ఆ గాయాన్ని దేవుని ముందు పేరుపెట్టి చెప్పండి, దాచకండి.

ఇక అభ్యాసం. రోజూ ఒకే వేళ, ఒకే చోటు పెట్టుకోండి. పది నిమిషాలైనా చాలు, ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. 92వ కీర్తనలో 15 వచనాలున్నాయి, రోజుకు రెండు మూడు వచనాలకంటే ముందుకు వెళ్లొద్దు. బిగ్గరగా, నెమ్మదిగా రెండుసార్లు చదవండి. ఇక్కడ దేవుడు ఏం చేస్తున్నాడని అడగండి. తర్వాత ఆ వచనాన్నే ప్రార్థనగా మార్చండి. ఉదాహరణకు 2వ వచనం ఉదయాన కృపను, రాత్రి విశ్వాస్యతను ప్రచురించడం మంచిదంటుంది. అంటే పొద్దున్నే "ప్రభువా, ఈరోజు నీ కృప మీదే ఆధారపడతాను" అని, రాత్రి పడుకునేముందు ఆ రోజు ఆయన నమ్మకంగా ఉన్న ఒక్క సంగతి చెప్పి స్తుతించండి. ఏ అనుభూతీ కలగకపోతే టెన్షన్ పడకండి. మొవ్వులో ఆకు తయారవుతున్న రోజుల్లో బయట ఏమీ కనిపించదు.

వారంలో ఒకరోజు 139వ కీర్తన 23, 24 వచనాలతో మొదలుపెట్టండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." ఎవరి పేరైనా మనసులోకి వస్తే కాగితం మీద రాసుకోండి. మందిరంలో నాటబడడం గురించిన 92వ కీర్తన 13వ వచనాన్ని వచ్చే పాఠంలో చదివేటప్పుడు ఆ కాగితం అవసరమవుతుంది.