ముదురు పైన్ చెట్టు తల ఎండుతుంటే ముందు దాని చుట్టూ చూడండి

ఇది అమెరికాలోని ఉత్తర అరిజోనాలో, ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టుపక్కల ఉన్న పొండెరోసా పైన్ అడవుల సంగతి. నారింజ రంగు బెరడుతో ముదురు చెట్లు, నల్ల బెరడుతో లేతవి, వాటి మధ్య మొక్కలు, అన్నీ ఒకేచోట పెరుగుతాయి.

సమస్య: ముదురు చెట్టు తల పలచబడుతోంది, బెరడు మీద జిగురు ముద్దలు కనిపిస్తున్నాయి

కారణం: ఒకప్పుడు కొన్నేళ్లకోసారి నేలబారు మంట వచ్చి చిన్న మొక్కల్ని తగలబెట్టి పోయేది. ఆ మంటను మోసే గడ్డిని పశువులు మేసేశాయి, మనుషులు మంటలు ఆర్పేశారు, దాంతో ఆ మంటలు ఆగిపోయాయి. పైగా 1919లో విపరీతంగా మొక్కలు మొలిచాయి. వాటిలో చాలా గుబుర్లు ఇప్పటికీ కర్రపుల్లల్లా ఇరుక్కుని నిలబడి, వేసవిలో ఉన్న కాస్త తడినీ పీల్చేస్తున్నాయి. దాహంతో ఉన్న చెట్టుకు బెరడు తొలిచే పురుగును బయటికి నెట్టేంత జిగురు ఊరదు. ముద్దలతో పాటు బెరడు పగుళ్లలో, మొదట్లో ఎర్రటి పొడి కూడా రాలుతుంటే ఆ చెట్టు దాదాపు చేజారినట్టే.

పరిష్కారం: ముదురు చెట్టు కొమ్మల అంచు దాటి ఇంకొంత దూరం వరకు చిన్నవాటిని తీసేయండి. తర్వాత అదుపులో ఉంచి నేలబారు మంట పెట్టే ఆలోచన ఉంటే మొదట్లో పేరుకున్న సూదులాకుల్ని ముందే దంతెతో లాగేయాలి. లేకపోతే అవి గంటల తరబడి రాజుకుంటూ వేళ్లను చంపేస్తాయి.

సమస్య: ఎన్ని చెట్లు తీయాలో తేలడం లేదు

కారణం: చెట్లను తలల లెక్కన లెక్కపెడుతున్నారు. లెక్కించాల్సింది అవి ఆక్రమించే చోటు.

పరిష్కారం: 1933లో అమెరికా అటవీ శాస్త్రవేత్త రైనెకే ఇచ్చిన సాంద్రత సూచిక, అంటే చెట్లు ఎంత ఇరుగ్గా ఉన్నాయో చెప్పే లెక్క, వాడండి. ఛాతీ ఎత్తులో 10 అంగుళాల వ్యాసమున్న చెట్టు 1 అనుకుంటే, 20 అంగుళాలది సుమారు 3, 5 అంగుళాలది మూడో వంతు. ఎకరాకు 20 అంగుళాలవి 10, 10 అంగుళాలవి 60, 5 అంగుళాలవి 400 ఉన్నాయనుకోండి. మొత్తం 222 వస్తుంది. పొండెరోసాకు గరిష్ఠం 450 కాబట్టి ఇది 49 శాతం. 55 శాతం దాటితే చెట్లు ఒకదాన్నొకటి చంపుకోవడం మొదలవుతుంది. చిన్నవి 300 తీస్తే 27 శాతానికి దిగుతుంది, అది మంచి స్థితి.

పది ముదురు చెట్లు నరికితే 90 చిన్నవి తీసినంత చోటు వస్తుంది, కలప డబ్బూ వస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. నూట యాభై ఏళ్లు ఆగితే గానీ అలాంటి చెట్టు మళ్లీ రాదు.

సమస్య: చోటిచ్చినా చిన్న చెట్లు పుంజుకోవడం లేదు, మంచుకు వంగిపోతున్నాయి

కారణం: నీడలో పొడుగు సాగి సన్నబడిపోయాయి. ఎత్తు వ్యాసానికి 80 రెట్లు దాటితే ఆ చెట్టు నిలవడం కష్టం.

పరిష్కారం: ఎత్తులో కనీసం మూడో వంతు పచ్చటి కొమ్మలున్నవాటినే ఉంచండి. బాగా ఇరుకైన గుబురును ఒకేసారి కాకుండా రెండు విడతల్లో పలచన చేయండి. పొండెరోసా నీడకు తట్టుకోదు కాబట్టి కొత్త మొక్కలు కావాలంటే అక్కడొకటి ఇక్కడొకటి తీస్తే లాభం లేదు, గుంపుగా తీసి ఎండ నేలకు తగలనివ్వాలి.

సమస్య: పలచన చేసిన ఏడాదే మిగిలిన చెట్లకు పురుగు పట్టింది

కారణం: జనవరి, జూన్ మధ్య నరికి పచ్చి దుంగలూ కొమ్మలూ అక్కడే వదిలేశారు. ఇప్స్ అనే బెరడు తొలిచే పురుగులు వాటిలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు పెరిగి పక్కన నిలబడ్డ చెట్లెక్కుతాయి. అది కరువు సంవత్సరమైతే నష్టం ఇంకా ఎక్కువ.

పరిష్కారం: నరకడం జులై, డిసెంబర్ మధ్య పెట్టుకోండి. 3 అంగుళాలకు పైబడ్డ ముక్కల్ని ఎండలో పరచండి, లేదా బయటికి తరలించండి. యంత్రంలో వేసి పొట్టు చేస్తే ఆ పచ్చి వాసనకే పురుగులు వస్తాయి కాబట్టి దాన్ని ఉంచుకున్న చెట్ల మొదళ్ల దగ్గర పోయకండి.