మన ఎ320ని మనమే కట్టుకుందాం – 4వ పాఠం: కాళ్ల మీద నిలబెట్టడం

ఎయిర్‌బస్ ఎ320 ప్రయాణికుల విమానాన్ని కంప్యూటర్‌లో మోడల్‌గా కడుతున్నాం కదా, పోయిన పాఠంతో బ్లెండర్‌లో (3డి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) బాడీ, రెక్కలు పూర్తయ్యాయి. మనం కడుతున్నది షార్క్‌లెట్లు (రెక్కల కొసన పైకి వంగి ఉండే భాగాలు) లేని పాత ఎ320. పొడవు 37.57 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 34.1 మీటర్లు వచ్చాయో లేదో ఇంకోసారి కొలిచి చూసుకోండి.

ఇక ఎగరేసి చూడాలని మనసు లాగుతుంది. కాస్త ఆగండి. నేల మీద కుదురుగా నిలబడని మోడల్‌ని ఫ్లైట్‌గేర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్) ఎగరేస్తే పరుగులోనే ఓ పక్కకు లాగేస్తుంది. తప్పు రెక్కలదో చక్రాలదో అప్పుడు తేల్చుకోలేం. అందుకే ఈ పాఠమంతా ల్యాండింగ్ గేర్, అంటే విమానం కాళ్లూ చక్రాల గురించే.

ముందు చక్రాల చోట్లు. ముక్కు చక్రం నుంచి ప్రధాన చక్రాలకు 12.64 మీటర్లు. రెండు ప్రధాన కాళ్ల మధ్య 7.59 మీటర్లు, అంటే మధ్యగీత నుంచి ఒక్కోటి 3.795 మీటర్ల దూరంలో ఉండాలి. ఫ్లైట్‌గేర్‌లో విమానం కదలికల్ని లెక్కగట్టే ప్రోగ్రాం జేఎస్‌బీసిమ్. దాని ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో వీటిని మూడు ‘బోగీ’ (చక్రం) రకం కాంటాక్టులుగా, అంటే నేలకు తగిలే చోట్లుగా రాస్తాం. ఇక్కడ ఎక్స్ విలువ తోక వైపు, వై కుడి రెక్క వైపు, జెడ్ పైకి పెరుగుతాయి.

ఎత్తు దగ్గరే చాలామంది పొరబడతారు. మనం చూసి గీసే ఫొటోల్లో విమానం నేల మీద నిలబడి ఉంటుంది, అంటే బరువుకి కాళ్లు అప్పటికే అణిగి ఉంటాయి. ఫైల్‌లో రాయాల్సింది మాత్రం గాల్లో ఉన్నప్పుడు, కాలు పూర్తిగా సాగినప్పుడు చక్రం అడుగు ఎక్కడుంటుందో ఆ చోటు. ఎంత అణుగుతుందని అనుకుంటున్నామో అంత కిందికి దించి రాయాలి. ప్రధాన కాలికి 30 సెంటీమీటర్లు, ముక్కు కాలికి 25 అని నేను అంచనాగా తీసుకున్నాను. బ్లెండర్‌లో కూడా కాలిని సాగినట్టే గీయండి.

ఇక స్ప్రింగు. విమానం బరువు 64 టన్నులు అనుకుందాం. ముక్కు మీద 8 శాతం పడితే, ఒక్కో ప్రధాన కాలి మీద 46 శాతం, అంటే 29,440 కిలోలు. దాన్ని 9.81తో గుణిస్తే సుమారు 2,88,800 న్యూటన్లు. 0.3 మీటర్లతో భాగిస్తే మీటరుకి 9,63,000 న్యూటన్లు. ఇదే మన స్ప్రింగ్ విలువ. ముక్కుకి ఇదే లెక్క వేస్తే సుమారు 2,01,000 వస్తుంది. ఈ 8 శాతం ఊరికే పడదు. గురుత్వ కేంద్రం ప్రధాన చక్రాలకి 1.01 మీటర్లు ముందుండాలి, ఎందుకంటే 12.64లో 8 శాతం అంతే. అది ప్రధాన చక్రాల వెనక్కి జరిగితే విమానం తోక మీద కూలబడుతుంది.

యూనిట్లు తప్పకుండా చూసుకోండి. నా మొదటి మోడల్‌లో మీటరుకి ఇన్ని న్యూటన్లని లెక్క వేసి, పక్కన యూనిట్‌గా అడుగుకి పౌండ్లు అని రాశాను. స్ప్రింగు 14.6 రెట్లు గట్టిపడింది. రన్‌వే మీద పెట్టగానే విమానం ఎగిరెగిరి పడింది. తప్పు రెక్కల్లో ఉందనుకుని రెండు వారాలు వాటినే సరిచేస్తూ కూర్చున్నాను. ఆ రెండు వారాలు మీకు పోకూడదు.

స్ప్రింగు ఒక్కటే ఉంటే చాలదు. షాకబ్జార్లు పోయిన బండి స్పీడ్ బ్రేకర్ దాటాక ఎలా ఊగుతూ పోతుందో తెలుసు కదా, డ్యాంపర్ (ఊపుని అణిచే భాగం) లేని విమానం దిగినప్పుడు అలాగే ఊగుతుంది. స్ప్రింగ్ విలువని కాలి మీది బరువుతో (29,440) గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. సుమారు 3,37,000 వస్తుంది. ఊగడం పూర్తిగా ఆగిపోయే హద్దు అది. అందులో 40 శాతం, అంటే 1,35,000 దగ్గర మొదలుపెట్టండి. ఇంకా ఊగుతుంటే పెంచండి.

పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ రంగులు వేయాలనుకునే వారికి ఒక మాట. ఆ సంస్థ 1989 నుంచి మొదట్లో తెచ్చుకున్న ఎ320లకు ప్రధాన కాలికి రెండు కాదు, నాలుగు చక్రాలు. అంత బలం లేని రన్‌వేల మీద బరువు పరుచుకోవాలని అలా చేయించుకున్నారు. లెక్కకు కాలికి ఒక కాంటాక్టు చాలు గాని, బొమ్మలో నాలుగూ గీయండి. ఆ విమానాలు ఎక్కినవాళ్లు చూడగానే గుర్తుపడతారు.

కాలు అణగడం కంటికి కనబడాలంటే ‘ట్రాన్స్‌లేట్’ యానిమేషన్ (భాగాన్ని ఒక దిక్కుకి జరిపేది) పెట్టాలి. జేఎస్‌బీసిమ్ అణుగుని అడుగుల్లో ఇస్తుంది, మన మోడల్ మీటర్లలో ఉంది. అందుకే ఫ్యాక్టర్ (గుణించే సంఖ్య) 0.3048. ఇది మరిచిపోతే చక్రాలు బాడీలోకి దూరిపోతాయి.

ఇప్పుడు పరీక్ష. 64 టన్నులకు ఇంధనం, ప్రయాణికుల బరువు సర్ది, పార్కింగ్ బ్రేక్ వేసి, ఫ్లైట్‌గేర్ లోపలి విలువలు చూపే ప్రాపర్టీ బ్రౌజర్‌లో ప్రధాన కాలి అణుగు చూడండి. 0.98 అడుగుల దగ్గర నిలిస్తే మీ లెక్క సరిగ్గా ఉంది. కుడి ఎడమలు వేరువేరుగా చూపిస్తే ఒక రెక్క ట్యాంకులో ఇంధనం ఎక్కువైందేమో చూడండి.

వచ్చే పాఠంలో ఇంజన్లు బిగిద్దాం. ఈలోగా ఒక పని: విమానాన్ని ఖాళీ చేసి 42.6 టన్నులకు తీసుకురండి. ఒక్కో ప్రధాన కాలు ఎంత అణగాలో ముందు కాగితం మీద లెక్కేసి రాసుకోండి, ఆ తర్వాతే స్క్రీన్ చూడండి. రెండూ కలవకపోతే స్ప్రింగుని ముట్టుకోకండి, గురుత్వ కేంద్రం జరిగిందేమో వెతకండి.